తప్పటడుగులు

పాఠ్యాంశ పరిచయం

మద్యం, మత్తుపదార్థాలు ఆరోగ్యానికి హాని చేస్తాయని అందరూ అంటారు. అవి శరీరంలో ఎక్కడ, ఎలా పనిచేసి మనిషిని తూలిపోయేటట్లు చేస్తాయో తెలిసినవారు కొద్దిమందే. మనం నిటారుగా నిలబడడం వెనుక ఉన్న అద్భుతమైన ఏర్పాటును, దానిని మత్తు చెరిపే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

పసిబిడ్డ బోర్లపడుతుంది, పాకుతుంది, గోడ పట్టుకొని లేచి నిలబడుతుంది. ఏడాది నిండే వేళకు పట్టు వదిలి ఒక అడుగు వేస్తుంది. రెండో అడుగుకు చతికిలబడుతుంది. మళ్ళీ లేస్తుంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు చరుస్తారు. బిడ్డ అడుగులు వేయగానే అరిసెలు వండి పంచే ఆచారం చాలా తెలుగు ఇళ్ళలో నేటికీ ఉంది. ఆ తొలి అడుగులను మన భాషలో 'తప్పటడుగులు' అంటారు.

ఈ మాటకు మరో అర్థం కూడా ఉంది. దారి తప్పిన మనిషిని గురించి 'తప్పటడుగు వేశాడు' అంటాం. మద్యం తాగిన మనిషి విషయంలో ఈ రెండు అర్థాలూ ఒక్కటవుతాయి. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు గాలిలో ఆడిస్తూ, ఏ గోడ దొరికితే ఆ గోడను పట్టుకొని అతడు నడిచే నడక పసిబిడ్డ నడకలాగే ఉంటుంది. బిడ్డ నెలల తరబడి పడుతూ లేస్తూ సంపాదించుకొన్న విద్యను మద్యం గంటలోపే మరపిస్తుంది. అది ఎలా జరుగుతుంది?

మూడు దిక్కుల వార్తలు

నిలబడడం చాలా తేలికైన పని అని మనం అనుకొంటాం. నిజానికి అది ఎడతెగని పని. నిటారుగా నిలబడిన మనిషి శరీరం కంటికి కనబడనంత కొద్దిగా ముందుకూ వెనుకకూ ఊగుతూనే ఉంటుంది. ముందుకు ఒరిగితే పిక్కల కండరాలు బిగిసి వెనుకకు లాగుతాయి. వెనుకకు ఒరిగితే కాలి ముందుభాగపు కండరాలు పని అందుకొంటాయి. తాడుమీద నడిచే ఆటగత్తె చేతిలోని గడను క్షణానికొక వైపు సవరించుకొన్నట్లు మన శరీరం తనను తాను సవరించుకొంటూ ఉంటుంది.

ఈ సవరింపుకు కావలసిన వార్తలు మెదడుకు మూడు దిక్కుల నుంచి చేరుతాయి. మొదటిది కన్ను. నేల ఎక్కడుందో, గోడ ఎటు నిలువుగా ఉందో అది చెబుతుంది. రెండవది లోపలి చెవి. తల ఎటు తిరిగిందో, ఎంత వంగిందో అది చెబుతుంది. మూడవది మన కండరాలు, కీళ్ళు, అరికాళ్ళు. కాలు ఎక్కడుందో, బరువు ఏ పాదం మీద పడిందో ఇవి చెబుతాయి. చీకటిలో కూడా మన చేయి తిన్నగా నోటికే వెళ్ళడానికి కారణం ఈ మూడవ వార్తే.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టుకొని ఒంటికాలి మీద నిలబడండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. కొద్దిసేపటికే శరీరం ఊగడం మొదలవుతుంది. మూడు వార్తలలో ఒకటి ఆగిపోయింది. మిగిలిన రెండింటి మీద భారం పెరిగింది. మూడింటిలో ఒకటి లోపిస్తే మనం ఎలాగో నిలబడగలం. మూడూ ఒక్కసారే తప్పుడు వార్తలు పంపితే నిలబడడం ఎవరి తరమూ కాదు.

చెవిలోని కొలత పనిముట్టు

చెవి వినడానికే ఉందని చాలామంది అనుకొంటారు. లోపలి చెవిలో శబ్దంతో పనిలేని భాగం ఒకటి ఉంది. అక్కడ ఒక్కొక్క చెవిలో మూడేసి చొప్పున, సగం గాజు ఆకారంలో వంగిన సన్నని గొట్టాలు ఉంటాయి. వీటిని అర్ధవృత్తాకార కుల్యలు అంటారు. మూడు కుల్యలూ మూడు వేరువేరు దిశలలో అమరి ఉంటాయి. వాటి నిండా ఒక ద్రవం ఉంటుంది. ఒక్కొక్క కుల్య మొదట్లో ద్రవానికి అడ్డంగా జిగురువంటి మెత్తని తెర ఉంటుంది. తల తిప్పినప్పుడు కుల్య తలతోపాటు తిరుగుతుంది గాని, లోపలి ద్రవం కొంచెం వెనుకబడుతుంది. చెంబులో నీరు పోసి చెంబును చటుక్కున తిప్పితే నీరు వెంటనే తిరగదు గదా! అలా వెనుకబడిన ద్రవం తెరను ఒక పక్కకు వంచుతుంది. ఆ తెరలోకి చొచ్చుకొని ఉన్న సూక్ష్మమైన రోమాలు కూడా వంగుతాయి. 'తల తిరుగుతున్నది' అనే వార్త మెదడుకు అందుతుంది.

కుల్యల పక్కనే ఉన్న రెండు చిన్న సంచులలో కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన సున్నపు పలుకులు ఉంటాయి. తల వంచితే ఈ పలుకుల బరువు ఒక వైపుకు జారుతుంది. దానిని బట్టి ఏది పైనో, ఏది కిందో మెదడు గ్రహిస్తుంది.

ఈ అవయవం మన చూపును కూడా నిలుపుతుంది. ఈ పుస్తకాన్ని కళ్ళ ముందు పట్టుకొని పక్కలకు వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పుస్తకాన్ని కదపకుండా తలను అంతే వేగంగా ఊపండి. అక్షరాలు చదవగలుగుతారు. తల కుడికి తిరిగిన ప్రతిసారీ కళ్ళను అంతే ఎడమకు తిప్పమని లోపలి చెవి ఆజ్ఞ ఇవ్వడమే దీనికి కారణం.

చెవికీ కంటికీ ఉన్న ఈ సంబంధాన్ని వియన్నాకు చెందిన రాబర్ట్ బరాని అనే వైద్యుడు లోతుగా పరిశోధించాడు. చెవి జబ్బులతో వచ్చినవారి చెవులను ఆయన నీటితో కడిగేవాడు. అప్పుడు కొందరికి తల తిరిగేది. నీరు చల్లగా ఉన్నప్పుడు కళ్ళు ఒక వైపుకు కొట్టుకొనేవి; నీరు మరీ వేడిగా ఉన్నప్పుడు అందుకు ఎదురు వైపుకు కొట్టుకొనేవి. ఇంటిలో నీళ్ళు కాచినప్పుడు వేడినీరు పైకి లేచి, చల్లనినీరు కిందికి దిగడం మనం చూస్తాం. చెవిలోని ద్రవం కూడా అలాగే కదులుతున్నదని బరాని ఊహించాడు. ఈ పరిశోధనలకు ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యాకు ఖైదీగా చిక్కి ఉన్నాడు. 1916లో విడుదలైన తరువాతనే బహుమతి అందుకోగలిగాడు.

మంచం ఎందుకు తిరుగుతుంది?

మద్యంలోని మత్తు కలిగించే పదార్థం పేరు ఇథైల్ ఆల్కహాలు. అది నీటికంటే తేలిక. లీటరు నీరు కిలో బరువు తూగితే, లీటరు ఆల్కహాలు సుమారు 790 గ్రాములే తూగుతుంది. ఈ చిన్న తేడాయే చెవిలో పెద్ద అల్లరి చేస్తుంది.

తాగిన మద్యం కడుపు నుంచి, పేగుల నుంచి రక్తంలో కలుస్తుంది. రక్తం దానిని శరీరమంతటికీ మోస్తుంది. కుల్యలోని మెత్తని తెరకు రక్తనాళాలు దగ్గర; కుల్యలోని ద్రవానికి దూరం. కనుక ఆల్కహాలు ముందుగా తెరలోకి చేరుతుంది. తెర తేలికవుతుంది, చుట్టూ ఉన్న ద్రవం ఇంకా బరువుగానే ఉంటుంది. మామూలుగా తెర, ద్రవం ఒకే సాంద్రతతో ఉంటాయి కాబట్టి పడుకొన్నా, లేచినా తెర కదలదు. ఇప్పుడు అది నీటిలో బెండులా తేలడానికి ప్రయత్నిస్తుంది. మనిషి మంచం మీద పడుకోగానే తెర వంగుతుంది. తల కదలకపోయినా 'తల తిరుగుతున్నది' అని మెదడుకు వార్త పోతుంది. కళ్ళు అసంకల్పితంగా కొట్టుకొంటాయి. గది, మంచం, పైకప్పు అన్నీ గిర్రున తిరుగుతున్నట్లు తోస్తాయి. వాంతి వస్తుంది.

కొన్ని గంటలకు ద్రవంలోకి కూడా ఆల్కహాలు చేరి తెరతో సమానమవుతుంది. అప్పుడు తిప్పడం కొంత ఆగుతుంది. కాని కథ అంతటితో ముగియదు. ముందు వచ్చినట్లే ఆల్కహాలు ముందుగా తెరనుంచే వెళ్ళిపోతుంది. ఇప్పుడు తెర బరువు, ద్రవం తేలిక. మళ్ళీ తల తిరుగుతుంది. ఈసారి ఎదురు దిశలో. రక్తంలో మద్యం పూర్తిగా పోయిన తరువాత కూడా ఈ దశ కొన్ని గంటలు ఉంటుంది. మరునాటి ఉదయం తల దిమ్ముగా ఉండడానికి ఇది ఒక కారణం.

తెర తేలిక కావడమే ఇందుకు మూలమని ఎలా తెలిసింది? 1974లో కెనడాకు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చక్కని ప్రయోగాన్ని ప్రకటించారు. మామూలు నీటికంటే పదోవంతుకు పైగా బరువైన 'భారజలం' అనే నీరు ఉంది. అది తాగినప్పుడు కళ్ళు మద్యం తాగినప్పటికి ఎదురు దిశలో కొట్టుకొన్నాయి. తగిన పాళ్ళలో మద్యాన్ని, భారజలాన్ని కలిపి తాగినప్పుడు ఒకదాని తేలిక, మరొకదాని బరువు సరిపోయి కళ్ళు కొట్టుకోలేదు.

ఉదయం దిమ్ము పోవడానికి మళ్ళీ కొంచెం తాగాలని కొందరు చెబుతారు. తెరలోకి ఆల్కహాలు తిరిగి చేరుతుంది కాబట్టి కొద్దిసేపు ఉపశమనం కలిగిన మాట నిజమే. కాని అది అప్పు తీర్చడానికి అప్పు చేయడం వంటిది. మద్యం కలిగించిన బాధను మద్యంతోనే పోగొట్టుకోవాలని చూసేవాడు వ్యసనం గడప తొక్కినట్లే.

చిన్నమెదడు మీద దెబ్బ

మూడు దిక్కుల నుంచి వచ్చిన వార్తలను సరిచూసి, ఏ కండరం ఎప్పుడు ఎంత బిగియాలో సవరించే భాగం తల వెనుక కింది వైపున ఉంటుంది. దానిని అనుమస్తిష్కం లేదా చిన్నమెదడు అంటారు. బరువులో అది మొత్తం మెదడులో సుమారు పదోవంతు మాత్రమే. అయినా మెదడులోని నాడీకణాలలో సగానికి పైగా అక్కడే ఉన్నాయి. వాటిలో కొమ్మలు విస్తరించిన చెట్టులా కనిపించే పెద్ద కణాలను 1837లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే వర్ణించాడు. అందుకే వాటికి ఆయన పేరు వచ్చింది. చిన్నమెదడు ఆజ్ఞలన్నీ ఈ కణాల ద్వారానే బయటికి వెళ్ళాలి.

మద్యం ఈ కణాల పనిని తారుమారు చేస్తుంది. అందువల్ల అడుగు ఒకచోట వేయబోతే మరొకచోట పడుతుంది. చేయి గ్లాసును దాటి పోతుంది. నాలుక కూడా కండరమే కనుక మాట ముద్దముద్దగా వస్తుంది. పైగా తెలివి, విచక్షణలకు స్థానమైన పెద్ద మెదడు కూడా మందగిస్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. తాను తూలుతున్నానన్న సంగతి తూలేవానికి తెలియదు. 'నాకేమీ కాలేదు, నేను బాగానే ఉన్నాను' అని బండి తాళం తీస్తాడు.

ద్విచక్ర వాహనం నడపడమంటే తూకం తప్పకుండా ఉండడమే. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే వాహనం నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. చన్నీళ్ళ స్నానం, మజ్జిగ, కాఫీ వంటివి రక్తంలోని మద్యాన్ని తగ్గించలేవు. దానిని తగ్గించే పని ముఖ్యంగా కాలేయానిది. 100 మిల్లీలీటర్ల రక్తానికి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే అది తగ్గుతుంది. రాత్రి పది గంటలకు 120 మిల్లీగ్రాములు ఉన్నవాని రక్తం శుభ్రపడేసరికి తెల్లవారి ఆరు గంటలవుతుంది.

ఒకనాటి మత్తు – ఏళ్ళనాటి వ్యసనం

ఒక రాత్రి తాగిన మత్తు మరునాటికి దిగుతుంది. ఏళ్ళ తరబడి తాగేవాని తూలు మత్తు దిగినా దిగదు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, చిన్నమెదడులోని పుర్కిన్యే కణాలు క్రమంగా నశించడం. కాళ్ళ నడకను అదుపులో ఉంచే నడిమి భాగం ముందుగా దెబ్బతింటుంది. అందువల్ల అలాంటి మనిషి చేతులతో పని కొంతవరకు చక్కగానే చేస్తాడు గాని, కాళ్ళు ఎడం చేసి తప్ప నడవలేడు.

రెండవది, విటమిన్ బి1 లోపం. ఇది దంపుడు బియ్యంలో, పప్పులలో, తవుడులో దొరుకుతుంది. తాగుడుకు బానిసైనవాడు తిండి సరిగా తినడు. తిన్నదానిలోని బి1ను కూడా మద్యం ఒంటబట్టనీయదు. ఈ లోపం ముదిరితే నడక తూలుతుంది, కళ్ళు సరిగా కదలవు, మనసు గందరగోళమవుతుంది. 1881లో ఈ జబ్బును వర్ణించిన జర్మన్ వైద్యుడు వెర్నికే పేరుతోనే దీనిని పిలుస్తారు. వెంటనే బి1 ఇంజక్షన్లు ఇస్తే మనిషి కోలుకొనే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

మూడవది, కాళ్ళ నరాలు చెడిపోవడం. అరికాళ్ళు మొద్దుబారి, నేల దూదిలా తోస్తుంది. అంటే మూడు వార్తలలో మూడవది ఆగిపోయిందన్నమాట. ఇలాంటివారు పగటిపూట కళ్ళ సాయంతో ఎలాగో నడుస్తారు. కరెంటు పోతే పడిపోతారు.

కల్తీసారా మొదటి వార్తనే తెంచివేస్తుంది. కల్తీసారాలో కలిసే మిథైల్ ఆల్కహాలు శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని కాల్చివేస్తుంది. చూపు, ప్రాణం రెండూ పోతాయి. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో ఇలాంటి సారా తాగి 60 మందికి పైగా మరణించారు.

ఇతర మత్తుపదార్థాలు

గంజాయిలోని మత్తు పదార్థం చిన్నమెదడులో దట్టంగా ఉండే కొన్ని గ్రాహకాలకు అతుక్కొంటుంది. శరీరపు ఊగు పెరుగుతుంది. దూరం, కాలం అంచనా తప్పుతాయి. చటుక్కున లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. మద్యంతో కలిస్తే హాని మరింత పెరుగుతుంది.

వైద్యుని సలహా లేకుండా వాడే నిద్రమాత్రలు మెదడులో మద్యం పనిచేసే చోటనే పనిచేస్తాయి. వీటివల్ల ముసలివారు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం తరచుగా జరుగుతుంది. నల్లమందు, దానినుంచి తయారయ్యే హెరాయిన్ మనిషిని మగతలో ముంచి, మోతాదు మించితే ఊపిరినే ఆపివేస్తాయి.

అన్నింటికంటే చిన్నపిల్లలకు దగ్గరగా ఉన్న ప్రమాదం వైట్నర్, జిగురు, పెయింటు తిన్నరు వంటి వాటి వాసన పీల్చడం. 'ఇది మందూ కాదు, గంజాయీ కాదు' అని తోటివారు నమ్మబలుకుతారు. చాలా వాటిలో ఉండే టాలుయీన్ అనే రసాయనం నరాల మీది కొవ్వు తొడుగును కరిగించినట్లు పాడుచేస్తుంది. విద్యుత్తు తీగ మీది తొడుగు ఊడితే ఏమవుతుందో మీకు తెలుసు. అలవాటుగా పీల్చినవారి చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది. ఆ తూలు కొందరికి జీవితాంతం ఉండిపోతుంది.

మెదడు ఎదుగుదల సుమారు ఇరవై అయిదేళ్ళ వయసు వరకు సాగుతుంది. ఆలోగా తగిలిన దెబ్బ లోతుగా నాటుకొంటుంది. ఆరోగ్యానికి హాని చేయని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పిల్లలకు మద్యం గాని, మత్తుపదార్థం గాని ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

ఇంట్లో ఎవరైనా తాగితే

ఈ పాఠం చదివే పిల్లలలో కొందరి ఇళ్ళలో ఈ బాధ ఉండవచ్చు. తండ్రి గాని, అన్న గాని తాగడం పిల్లల తప్పు కాదు. అది సిగ్గుతో దాచుకోవలసిన సంగతీ కాదు. మత్తులో ఉన్నవారితో వాదించడం, సీసా లాక్కోవడం పిల్లల పని కాదు. కాని కొన్ని సంగతులు తెలిసి ఉండడం అవసరం.

మత్తులో పడిపోయినవారిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు. వాంతి గొంతుకు అడ్డుపడి ఊపిరాడకపోవచ్చు. ఒక పక్కకు ఒత్తిగిలి ఉండేలా పడుకోబెట్టి పెద్దలను పిలవాలి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే 'మత్తులో నిద్రపోతున్నాడులే' అని వదిలివేయకూడదు. మెదడు చుట్టూ నెమ్మదిగా రక్తం చేరుతుండవచ్చు. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా వెంటనే 108కి ఫోను చేయాలి. మద్యం తాగినవారు నడిపే బండి ఎక్కకూడదు; వారు ఎంత దగ్గరివారైనా సరే.

వ్యసనం ఒక జబ్బు. దానికి వైద్యం ఉంది. చాలా ఏళ్ళుగా రోజూ తాగేవారు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానివేస్తే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం రావచ్చు. కనుక వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. బెంగుళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలలో ఇందుకు ప్రత్యేక విభాగాలున్నాయి. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. పూర్తిగా మానివేసి, మంచి ఆహారం, బి1 తీసుకొంటే నెలలు గడిచేకొద్దీ చాలామందికి నడక కొంతవరకు కుదుటపడుతుంది. చనిపోయిన కణాలు తిరిగి రావు గాని, మిగిలినవి పని నేర్చుకొంటాయి. ఎంత త్వరగా మానితే అంత మిగులుతుంది.

ఒక పాఠం చేసిన పని

మత్తు మీద పోరాటం ఆసుపత్రిలోనే కాదు, బడిలోనూ మొదలైంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చే స్త్రీలు అక్షరాలు నేర్చుకొంటూ 'సీతమ్మ కథ' అనే పాఠం చదివారు. తాగుబోతు భర్త వల్ల నష్టపోయిన ఒక ఇల్లాలి కథ అది. అది తమ కథే అని వారికి అనిపించింది. 1992లో వారు ఊరిలోని సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు ముందు నిలిచారు. ఊరి నుంచి ఊరికి ఉద్యమం పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1993లోనే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ప్రజల కోరిక మీద మద్యనిషేధం వచ్చింది. కర్ణాటకలో 2007లో సారాను నిషేధించారు.

1995లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. చట్టాలు వస్తాయి, మారుతాయి. మద్యనిషేధానికి రాజ్యం కృషి చేయాలని మన రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతున్నది. అయితే 'ఒక్కసారికి ఏమీ కాదు, రుచి చూడు' అని స్నేహితుడు సీసా చాచిన వేళ అక్కడ ఏ అధికరణమూ అడ్డు రాదు. అప్పుడు 'నాకు వద్దు' అని చెప్పవలసింది ఎవరికివారే. ఆ మాట మొదటిసారి చెప్పడమే కష్టం. రెండోసారికి అది తేలికవుతుంది.

అభ్యాసం

1. క్రొత్త పదాలకు అర్థాలు

ఇంటిల్లిపాది = ఇంటిలోని వారందరు
కుల్య = చిన్న కాలువ
అసంకల్పితంగా = తాను అనుకోకుండానే
సాంద్రత = నిర్ణీతమైన చోటులో ఉండే బరువు
విచక్షణ = మంచిచెడ్డలు తెలుసుకొనే తెలివి
ఉపశమనం = బాధ తగ్గుట
వ్యసనం = విడువలేని చెడు అలవాటు
ఒత్తిగిలు = పక్కకు తిరిగి పడుకొను

2. క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.

అ) శరీరపు తూకానికి కావలసిన వార్తలు మెదడుకు ఎక్కడెక్కడి నుంచి చేరుతాయి?
ఆ) రాబర్ట్ బరాని నోబెల్ బహుమతిని వెంటనే ఎందుకు అందుకోలేకపోయాడు?
ఇ) మత్తులో పడిపోయినవారిని వెల్లకిలా ఎందుకు పడుకోబెట్టకూడదు?
ఈ) కాళ్ళ నరాలు చెడినవారు చీకటిలో ఎందుకు పడిపోతారు?

3. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.

అ) మద్యం తాగి పడుకొన్నవారికి మంచం తిరుగుతున్నట్లు ఎందుకు తోస్తుంది? వివరించండి.
ఆ) దీర్ఘకాలం మద్యం తాగేవారి నడక తూలడానికి గల మూడు కారణాలు ఏవి?
ఇ) 'ఉదయం మళ్ళీ తాగడం అప్పు తీర్చడానికి అప్పు చేయడం వంటిది.' ఈ పోలిక ఎలా సరిపోతుందో వ్రాయండి.

4. లెక్కించి చెప్పండి.

ఒకని రక్తంలో రాత్రి 11 గంటలకు 100 మిల్లీలీటర్లకు 90 మిల్లీగ్రాముల మద్యం ఉంది. చట్టం ఒప్పుకొనే హద్దులోకి అది ఎన్ని గంటలకు వస్తుంది? పూర్తిగా ఎన్ని గంటలకు పోతుంది?

5. ఖాళీలను పూరించండి.

అ) ఒక్కొక్క చెవిలో అర్ధవృత్తాకార కుల్యలు ____ ఉంటాయి.
ఆ) చిన్నమెదడుకు మరో పేరు ____.
ఇ) కల్తీసారాలో ఉండి కంటిచూపును పోగొట్టేది ____.
ఈ) దూబగుంట స్త్రీలు చదివిన పాఠం పేరు ____.

6. భాషాంశాలు

అ) సంధులు: విడదీసి సంధి పేరు వ్రాయండి.
అర్ధవృత్తాకారం, ప్రాణాపాయం, రాజ్యాంగం

ఆ) సమాసాలు: విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి.
చిన్నమెదడు, కంటిచూపు, మంచిచెడ్డలు

ఇ) ప్రకృతి – వికృతులు: చదివి గుర్తుంచుకోండి.
నిద్ర – నిదుర. రాత్రి – రాతిరి. వైద్యుడు – వెజ్జు. విషం – విసం

ఈ) నానార్థాలు: 'అడుగు' అనే మాటకు పాదం వేయడం, పన్నెండు అంగుళాల కొలత, కింది భాగం, ప్రశ్నించడం అనే అర్థాలున్నాయి. ఒక్కొక్క అర్థంలో ఒక్కొక్క సొంతవాక్యం వ్రాయండి.

ఉ) జాతీయాలు: సొంతవాక్యాలలో ప్రయోగించండి.
గడప తొక్కు, ఒంటబట్టు, కుదుటపడు

7. ఈ పని చేయండి.

అ) ఒంటికాలి మీద కళ్ళు తెరిచి ఎంతసేపు, కళ్ళు మూసుకొని ఎంతసేపు నిలబడగలిగారో తరగతిలోని అయిదుగురు విద్యార్థుల లెక్క తీసి పట్టిక తయారుచేయండి.
ఆ) మీ ఊరిలో గాని, మీ రాష్ట్రంలో గాని మద్యానికి వ్యతిరేకంగా జరిగిన ప్రయత్నం ఏదైనా ఉంటే పెద్దలను అడిగి తెలుసుకొని తెలుగులో పది వాక్యాలు వ్రాయండి.
ఇ) 'రుచి చూడు' అని బలవంతపెట్టే స్నేహితునికి నొప్పించకుండా, తొణకకుండా ఎలా జవాబు చెప్పాలో ఇద్దరేసి చొప్పున సంభాషణ వ్రాసి తరగతిలో ప్రదర్శించండి.